లూప్‌బ్యాక్ గురించి నాకు అందిన తప్పుడు చిట్కాలు

రౌటర్‌లో లూప్‌బ్యాక్ పెట్టడానికి మూడు లైన్లు చాలు. ఇంటర్‌ఫేస్ పేరు, అడ్రస్, కింద ఒక డిస్క్రిప్షన్. పని ఇంత చిన్నది కాబట్టే దాన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. షిఫ్ట్ మారేటప్పుడు సీనియర్ ఒక మాట అంటాడు, జూనియర్ నోట్స్‌లో రాసుకుంటాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ జూనియరే సీనియర్ అయి అదే మాట ఇంకొకరికి అప్పగిస్తాడు. అలా చేతులు మారుతూ నా దాకా వచ్చిన చిట్కాలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను. అన్నీ తప్పే. కొన్ని మొదలంటా తప్పు, కొన్ని ఒకచోట ఒప్పు, ఇంకోచోట ప్రమాదం. చెప్పినవాళ్ళు నాకు పని నేర్పిన పెద్దలు, వాళ్ళంటే నాకు గౌరవం. వీటిలో రెండు నేను కూడా తమ్ముళ్ళకు చెప్పాను. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా నమ్మకం చెప్పేస్తాను. లూప్‌బ్యాక్ అంటే రౌటర్ పేరు. ఫైబర్ తెగుతుంది, లైన్‌కార్డ్ పోతుంది, పోర్ట్ మారుతుంది. రౌటర్ బతికి ఉండి, మనం చేత్తో షట్‌డౌన్ కొట్టనంతకాలం లూప్‌బ్యాక్ మాత్రం అప్‌లోనే ఉంటుంది. మనిషి ఊళ్ళోకి తూర్పు బాట నుంచి వచ్చినా పడమటి బాట నుంచి వచ్చినా పిలిచే పేరు ఒకటే కదా, అదీ సంగతి. ఈ చిట్కాల్లో చాలామటుకు ఆ పేరును పేరుగా చూడకపోవడం వల్ల పుట్టినవే.

“లూప్‌బ్యాక్ అంటే 127.0.0.1, దాన్ని మనం ముట్టుకోనక్కర్లేదు.” ఇది సర్వర్ల వైపు నుంచి వచ్చినవాళ్ళ మాట. 127తో మొదలయ్యే అడ్రసులు ఒక యంత్రం తనతో తాను మాట్లాడుకోవడానికి ఉన్నవి. అవి తీగ మీదికి రాకూడదు. రౌటర్‌లో మనం పెట్టే లూప్‌బ్యాక్ అడ్రస్ నెట్‌వర్క్‌లో మిగతా రౌటర్లన్నిటికీ తెలియాలి, అందాలి. మాట ఒకటే, పని పూర్తిగా వేరు. దీని మీద ఇంతకంటే చెప్పవలసింది లేదు.

“లూప్‌బ్యాక్‌కి /24 ఇచ్చెయ్, ఏమీ కాదు.”

ఈ చిట్కా దగ్గర కాసేపు ఆగాలి. ఇది ల్యాబ్‌లో పుట్టింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నడిపే జీఎన్ఎస్3లో, ఒక బ్రాంచ్ ఆఫీస్ ల్యాన్ కావాలంటే పీసీలు, స్విచ్‌లు పెట్టరు. రౌటర్‌లో లూప్‌బ్యాక్1 తెరిచి 192.168.1.1, మాస్క్ 255.255.255.0 కొడతారు. ల్యాన్ వచ్చేసినట్టే. నేర్చుకోవడానికి అది మంచి ఉపాయమే, కాదనను. చిక్కేమిటంటే ఆ అలవాటు అలాగే నడిచి వచ్చి అసలు నెట్‌వర్క్‌లోని లూప్‌బ్యాక్0 మీద కూర్చుంటుంది.

ఓఎస్‌పీఎఫ్ లూప్‌బ్యాక్‌ను ఒక్క అడ్రస్‌గానే చూస్తుంది. 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2328 చెప్పింది కూడా అదే. మీరు /24 రాసినా సరే, పక్క రౌటర్ల టేబుల్‌లో /32గానే కనిపిస్తుంది. మామూలు ఐపీ నెట్‌వర్క్‌లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఎంపీఎల్‌ఎస్ నెట్‌వర్క్‌లో మాత్రం కొంప మునుగుతుంది.

ఒక రాత్రి నేను నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను. కొత్తగా ఒక పీఈ రౌటర్ పెట్టి, దాని మీదికి కస్టమర్ లింకులు కొన్ని మార్చారు. మార్చిన అరగంటకు ఫోన్. “అన్నా, అన్నీ పచ్చగానే ఉన్నాయి, కస్టమర్ ట్రాఫిక్ మాత్రం పోవట్లేదు.” కూర్చుని చూశాం. ఓఎస్‌పీఎఫ్ అప్. ఎల్‌డీపీ అప్. బీజీపీ అప్. వీఆర్‌ఎఫ్‌లో అవతలి రూట్లు చక్కగా ఉన్నాయి. ఒక లూప్‌బ్యాక్ నుంచి ఇంకో లూప్‌బ్యాక్‌కి పింగ్ వంద శాతం. కస్టమర్ ఆఫీస్ నుంచి ఒక్క ప్యాకెట్ కూడా అవతల తేలడం లేదు. తప్పు కస్టమర్ ఫైర్‌వాల్‌దే అయి ఉంటుందని గంటన్నర వాళ్ళతో వాదించాం. ఆ గంటన్నర తలచుకుంటే ఈ రోజుకీ నాకు బాధే.

జరిగింది ఇది. కొత్త రౌటర్ లూప్‌బ్యాక్‌కి /24 ఉంది. దాని లెక్కలో తనకు నేరుగా ఉన్న నెట్‌వర్క్ 10.10.5.0/24, కాబట్టి ఎల్‌డీపీలో ఆ /24కి లేబుల్ ఇచ్చింది. పక్కనున్న కోర్ రౌటర్‌కి ఓఎస్‌పీఎఫ్ చెప్పినది 10.10.5.1/32. కోర్ రౌటర్ టేబుల్‌లో ఉన్నది /32, చేతికి వచ్చిన లేబుల్ /24ది. ఎల్‌డీపీకి రెండూ అచ్చంగా ఒకటే అయి ఉండాలి, దగ్గరగా ఉంటే చాలదు. అవి కలవలేదు కాబట్టి చివరి హాప్ దగ్గర లేబుల్ దారి తెగిపోయింది. పింగ్ ఎందుకు వెళ్ళిందంటే, లేబుల్ తీసేశాక లోపల మిగిలింది మామూలు ఐపీ ప్యాకెట్, దానికి దారి కోర్ రౌటర్‌కి తెలుసు. కస్టమర్ ప్యాకెట్ లోపల మిగిలింది వీపీఎన్ లేబుల్. అది ఎవరిదో కోర్ రౌటర్‌కి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. అక్కడే పోయింది.

అప్పటికప్పుడు లూప్‌బ్యాక్ కింద ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ టైప్‌ను పాయింట్-టు-పాయింట్ చేశాం. దాంతో ఓఎస్‌పీఎఫ్ కూడా /24 అనే చెప్పడం మొదలుపెట్టింది, లేబుల్ కలిసింది, ట్రాఫిక్ లేచింది. తర్వాతి మెయింటెనెన్స్ విండోలో మాస్క్‌ను /32 చేసి ఆ లైన్ తీసేశాం. ఈ రెండో పని చాలామంది చెయ్యరు. అతుకు వేసిన చోటే ఉంచేస్తారు, మరుసటి ఏడు ఇంకొకరు అదే అతుకును టెంప్లేట్‌లోకి ఎక్కిస్తారు.

“మా దగ్గర ఏళ్ళ తరబడి /24తోనే నడిచింది సార్” అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఐఎస్-ఐఎస్ మీరు రాసిన మాస్క్‌ను రాసినట్టే ప్రకటిస్తుంది, కాబట్టి అక్కడ ఈ తెగుడు కనిపించదు. అందుకే ఈ చిట్కా ఇన్నాళ్ళూ బతికింది. అక్కడైనా నా మాట /32నే. ఒక రౌటర్ పేరుకు 256 అడ్రసులు ఖర్చు పెట్టడం ఎందుకు? అదే /24ను ముక్కలు చేస్తే 256 రౌటర్లకు పేర్లు పెట్టొచ్చు.

ఇదే కుదురుకు చెందిన ఇంకో సలహా: “టేబుల్ పెద్దదవుతోంది, ఏరియా బోర్డర్‌లో లూప్‌బ్యాక్‌లన్నీ సమ్మరైజ్ చెయ్.” ఎంపీఎల్‌ఎస్ ఉన్నచోట చెయ్యకండి. పైన మాస్క్ చేసిన హానిని ఇక్కడ సమ్మరీ చేస్తుంది, అదీ ఒక్కసారే అన్ని రౌటర్లకూ. లింకుల అడ్రసులను కావలసినంత సమ్మరైజ్ చేసుకోండి. పేర్లను కలిపెయ్యకండి.

“రౌటర్ ఐడీ రాయనక్కర్లేదు, అది తనంతట తనే ఎంచుకుంటుంది.”

ఎంచుకుంటుంది, నిజమే. సిస్కో రౌటర్‌లో ఓఎస్‌పీఎఫ్ ముందు మీరు చేత్తో రాసిన ఐడీ చూస్తుంది. లేకపోతే లూప్‌బ్యాక్‌లన్నిటిలో పెద్ద అడ్రస్, అవీ లేకపోతే అప్‌లో ఉన్న మామూలు ఇంటర్‌ఫేస్‌లలో పెద్ద అడ్రస్. వినడానికి భరోసాగానే ఉంటుంది. ఇప్పుడు ఒక కుర్రవాడు ఏదో పరీక్ష కోసం లూప్‌బ్యాక్99 తెరిచి 192.168.99.1 ఇచ్చాడనుకోండి. ఆ రోజు ఏమీ జరగదు, ఎందుకంటే నడుస్తున్న ఓఎస్‌పీఎఫ్ తన ఐడీని మధ్యలో మార్చుకోదు. పరీక్ష అయిపోతుంది, లూప్‌బ్యాక్ తీసేయడం మరిచిపోతారు. ఆరు నెలలకు సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ కోసం రీలోడ్ చేస్తారు. లేచిన రౌటర్ పేరు ఇప్పుడు 192.168.99.1. ఎల్‌డీపీ కూడా అదే పెద్ద అడ్రస్‌ను పట్టుకుంటుంది, సెషన్ కట్టడానికి దాన్నే పక్కవాళ్ళకు ఇస్తుంది. ఆ అడ్రస్‌ను ఓఎస్‌పీఎఫ్‌లో ఎవరూ ప్రకటించలేదు కాబట్టి పక్క రౌటర్లకు దాని దారి తెలియదు, సెషన్ రాదు. వేళ్ళన్నీ అప్‌గ్రేడ్ వైపే చూపిస్తాయి. పాత సాఫ్ట్‌వేర్‌కి వెనక్కి వెళ్తారు, ఫలితం ఉండదు. అసలు దోషి ఆరు నెలల కిందటి ఒక లైన్.

కాబట్టి ఓఎస్‌పీఎఫ్‌కి, బీజీపీకి, ఎల్‌డీపీకి ఐడీ చేత్తో రాయండి, లూప్‌బ్యాక్0 అడ్రస్‌నే రాయండి. ఐపీవీ6 ఒక్కటే నడిచే రౌటర్‌లో ఇది తప్పనిసరి. రౌటర్ ఐడీ ఇప్పటికీ 32 బిట్లదే. ఎంచుకోవడానికి ఒక్క ఐపీవీ4 అడ్రస్ కూడా లేకపోతే, మీరు రాసేదాకా ఓఎస్‌పీఎఫ్‌వీ3 లేవదు. లూప్‌బ్యాక్‌కి /128 ఇచ్చాం కదా, అదే ఐడీ అవుతుందని ఎదురుచూసినవాళ్ళను నేను చూశాను.

“బీజీపీ ఏదైనా సరే లూప్‌బ్యాక్ మీదే కట్టాలి.” సగం నిజం పూర్తి అబద్ధం కంటే ఎక్కువ తిప్పలు పెడుతుంది. మన రౌటర్ల మధ్య నడిచే ఐబీజీపీకి ఇది నిజం. రెండు దారులుంటే ఒకటి తెగినా సెషన్ కదలదు, ట్రాఫిక్ రెండో దారిన వెళ్ళిపోతుంది. బయటివాళ్ళతో, ఒకే ఒక్క తీగ మీద నడిచే ఈబీజీపీ సంగతి వేరు. తీగ ఒకటే అయినప్పుడు లూప్‌బ్యాక్ కొత్తగా ఇచ్చే ధీమా ఏమిటి? ఏమీ లేదు. పైగా ఉన్నది పోతుంది. తీగ చివర అడ్రస్ మీద సెషన్ కడితే, తీగ పడగానే రౌటర్ సెషన్‌ను ఆ క్షణమే దించేస్తుంది. లూప్‌బ్యాక్ మీద కడితే ఇంటర్‌ఫేస్‌తో దానికి ఆ సంబంధం ఉండదు. హోల్డ్ టైమర్ అయిపోయేదాకా ఆగాల్సి రావచ్చు, అది సిస్కోలో మామూలుగా 180 సెకన్లు. మూడు నిమిషాలు ట్రాఫిక్ గోతిలో పడుతుంటే కాల్ సెంటర్‌లో ఫోన్లు ఎత్తేవాళ్ళను అడగండి అది ఎంత సేపో. ఒకే అవతలి రౌటర్‌కి రెండు మూడు తీగలుండి, అన్నిటి మీదా భారం పంచాలనుకున్నప్పుడు మాత్రం ఈబీజీపీకి లూప్‌బ్యాక్ సరైనదే. అప్పుడు బీఎఫ్‌డీ కూడా పెట్టుకోండి.

దీని వెనకే ఇంకో మాట వస్తుంది: “సెషన్ రావట్లేదా, ఈబీజీపీ-మల్టీహాప్ 255 కొట్టు, వచ్చేస్తుంది.” వస్తుంది. నేను తమ్ముళ్ళకు చెప్పిన తప్పుడు చిట్కాల్లో ఇదొకటి. ఈబీజీపీ ప్యాకెట్లు టీటీఎల్ 1తో బయలుదేరడం ఒక కంచె, పక్క ఇల్లు దాటి పోకుండా. ఆ కంచెను 255 చేస్తే ప్యాకెట్ ఎంత దూరం తిరిగైనా చేరుతుంది. అసలు తీగ పడినప్పుడు, మీరు ఊహించని ఏదో దారిన చుట్టు తిరిగి సెషన్ బతికే ఉంటుంది, డేటా కూడా ఆ దారిన పడుతుంది. ఎవరికీ అలారం రాదు. నేరుగా కలిసిన రెండు రౌటర్ల లూప్‌బ్యాక్‌ల మధ్య అయితే 2 చాలు. ఇంకా మంచిది కనెక్టెడ్ చెక్‌ను ఆపి టీటీఎల్‌ను 1గానే ఉంచడం. భద్రత కావాలంటే 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5082 పద్ధతి ఉంది. అటూ ఇటూ 255తో పంపి, 255 కంటే తగ్గి వచ్చినదాన్ని పారేయడం. దూరం నుంచి వచ్చే దొంగ ప్యాకెట్ టీటీఎల్ దారిలోనే తగ్గుతుంది కాబట్టి దొరికిపోతుంది. రెండు చోట్లా 255 అనే అంకె ఉంది. ఒకటి తలుపు తెరవడం, ఇంకోటి గడియ వేయడం. వీటిని కలగాపులగం చేసుకోకండి.

“అప్‌డేట్-సోర్స్ ఒకవైపు పెడితే చాలు” అని కూడా అంటారు. ఒకవైపు నుంచి కనెక్షన్ మొదలైతే సెషన్ లేస్తుంది, నిజమే. రెండోవైపు నుంచి మొదలైనదాన్ని అవతలివాడు గుర్తుపట్టక తిప్పి పంపేస్తాడు. మధ్యలో ఒక యాక్సెస్ లిస్ట్ వచ్చి పనిచేసే ఆ ఒక్క దిక్కును మూసిన రోజు ఇది బయటపడుతుంది. రెండువైపులా పెట్టండి.

“పాత రౌటర్ కాన్ఫిగ్ కాపీ చేసి హోస్ట్‌నేమ్ మార్చు, లూప్‌బ్యాక్ తర్వాత చూసుకుందాం.” దయచేసి వద్దు. ఒకే పేరుతో ఇద్దరు మనుషులు ఒక ఆఫీస్‌లో ఉండొచ్చు, ఒకే ఐడీతో రెండు రౌటర్లు ఒక ఓఎస్‌పీఎఫ్ ఏరియాలో ఉండకూడదు. పక్కపక్కనే ఉంటే నైబర్ కట్టకుండా అరుస్తాయి, అది మన అదృష్టం. దూరంగా ఉంటే అసలు రచ్చ. ఒకటి తన గురించి ప్రకటన పంపుతుంది. రెండోది అది తన పేరుతో వచ్చిన పాత అబద్ధం అనుకొని ఇంకా కొత్త ప్రకటన పంపుతుంది. దానికి మొదటిది మళ్ళీ పంపుతుంది. ఏరియాలో ప్రతి రౌటర్ మొత్తం లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకుంటుంది. ఐఎస్-ఐఎస్‌లో తప్పించుకుందామన్నా కుదరదు, అక్కడ చాలామంది సిస్టమ్ ఐడీని లూప్‌బ్యాక్ నుంచే తయారు చేస్తారు. 10.10.5.1ని 010.010.005.001గా విడదీసి 0100.1000.5001గా కూడుతారు. చక్కని పద్ధతి, డేటాబేస్ చూడగానే ఏ రౌటరో తెలుస్తుంది. కాపీ కొట్టినవాడు దాన్నీ కాపీ కొడతాడు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని తెలిసి వాడాలి. మల్టీక్యాస్ట్‌లో ఎనీక్యాస్ట్ ఆర్‌పీ కోసం రెండు రౌటర్ల మీద కావాలనే ఒకే అడ్రస్ పెడతారు. దానికి లూప్‌బ్యాక్0 కాదు, వేరే లూప్‌బ్యాక్ తెరవండి. రౌటర్ ఐడీ చేత్తో రాయమని పైన అంత పట్టుబట్టింది ఇందుకు కూడా. ఆ ఉమ్మడి అడ్రస్ పెద్దదైతే, రెండు రౌటర్లూ రీలోడ్ తర్వాత దాన్నే పేరుగా పెట్టుకుంటాయి.

“లాగ్‌లు, ఎన్‌టీపీ ఏ అడ్రస్ నుంచి పోతే ఏం?” దీనివల్ల చెయ్యి విరిగినట్టు అనిపించేది తెల్లవారుజామున. లింక్ పడి ట్రాఫిక్ ఇంకో పోర్ట్ నుంచి వెళ్ళగానే టాకాక్స్ సర్వర్‌కి ప్యాకెట్లు కొత్త అడ్రస్ నుంచి వస్తాయి, అది ఎవరో నాకు తెలియదంటుంది. లాగిన్ కావలసిన గంటలోనే లాగిన్ పోతుంది. టాకాక్స్, సిస్‌లాగ్, ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్‌లు, ఎన్‌టీపీ అన్నిటికీ సోర్స్ లూప్‌బ్యాక్0 అని రాయండి. ఐదు నిమిషాల పని.

“లూప్‌బ్యాక్ ఎటునుంచైనా అందుతుంది, ఇంక విడిగా కన్సోల్ దారి దేనికి?” ఇది ఖర్చు తగ్గించే మీటింగ్‌లలో వినిపిస్తుంది. లూప్‌బ్యాక్ చేరాలంటే రూటింగ్ బతికి ఉండాలి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గంటల తరబడి ఆగిపోయాయి. బ్యాక్‌బోన్ సామర్థ్యం అంచనా వేయడానికి ఇచ్చిన ఒక కమాండ్ బ్యాక్‌బోన్ లింకులన్నిటినీ దించేసింది. ఆ కమాండ్‌ను ఆపవలసిన తనిఖీ సాధనంలో బగ్ ఉంది. డేటా సెంటర్లు అందని డీఎన్‌ఎస్ సర్వర్లు తమ బీజీపీ ప్రకటనలను వెనక్కి తీసుకున్నాయి. ఇంజనీర్లకు విడిగా ఉంచుకున్న ఔట్-ఆఫ్-బ్యాండ్ దారి కూడా ఆ రోజు పనిచేయలేదు, మనుషులను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. విడిగా దారి ఉన్నవాళ్ళకే అంత కష్టమైంది. అసలు లేనివాళ్ళం మనం కాకూడదు.

చివరిది జూనిపర్ వాళ్ళది, అక్కడ లూప్‌బ్యాక్ పేరు ఎల్ఓ0. “ఎల్ఓ0 మీద ఫిల్టర్ పెట్టేటప్పుడు డెస్టినేషన్ పోర్ట్ 179 తెరిస్తే బీజీపీ అయిపోయినట్టే.” సిస్కోలో లూప్‌బ్యాక్ మీద యాక్సెస్ లిస్ట్ పెడితే రౌటర్‌కి రక్షణ రాదు, దానికి కంట్రోల్ ప్లేన్ పాలసీ వేరే ఉంది. జునోస్‌లో ఎల్ఓ0 ఇన్‌పుట్ ఫిల్టరే రౌటర్ మెదడుకు కాపలా, మీరు పేరు చెప్పని ప్రతిదీ చివర్లో ఆగిపోతుంది. బీజీపీ సెషన్ అవతలివాళ్ళు మొదలుపెడితే వాళ్ళ ప్యాకెట్లు మన 179కి వస్తాయి. మనం మొదలుపెట్టినదైతే వాళ్ళ జవాబు వాళ్ళ 179 నుంచి మన ఏదో పోర్ట్‌కి వస్తుంది. డెస్టినేషన్ ఒక్కటే చూసే ఫిల్టర్ దాన్ని పారేస్తుంది. సగం సెషన్లు నిలుస్తాయి, సగం పడతాయి, ఎందుకో అర్థం కాదు. అటూ ఇటూ ఏ వైపు 179 ఉన్నా కలిసేలా రాయండి, అదీ మీ నైబర్ల అడ్రసుల నుంచి వచ్చినప్పుడే. ఎల్‌డీపీ హలోలకు యూడీపీ 646, సెషన్‌కు టీసీపీ 646, రెండూ కావాలి. ఓఎస్‌పీఎఫ్‌కి పోర్ట్ ఉండదు, అది ప్రోటోకాల్ 89. ఒక్క హాప్ బీఎఫ్‌డీకి యూడీపీ 3784. చివరి అడ్డు ముందు లెక్కించే టర్మ్ ఒకటి ఉంచుకోండి, ఏం పోతోందో అదే చూపిస్తుంది.

ఈ ఫిల్టర్‌ను కమిట్ కన్ఫర్మ్‌డ్‌తోనే వెయ్యండి. మామూలుగా పది నిమిషాలు గడువు ఉంటుంది, ఆలోపు మళ్ళీ కమిట్ చెయ్యకపోతే పాత కాన్ఫిగ్ తనే వెనక్కి వస్తుంది. ప్రాంప్ట్ కదులుతోంది కదా అని మొదటి నిమిషంలోనే రెండో కమిట్ కొట్టే తొందర చాలామందికి ఉంది. నాకూ ఉండేది. ప్రాంప్ట్ కదలడం మీ ఎస్‌ఎస్‌హెచ్ సంగతే చెబుతుంది. ఓఎస్‌పీఎఫ్ నైబర్ పడడానికి మామూలుగా 40 సెకన్లు పడుతుంది, జునోస్‌లో బీజీపీ హోల్డ్ టైమ్ 90 సెకన్లు. ఫిల్టర్ చంపేసిన సెషన్ కూడా అంతసేపు బతికున్నట్టే కనిపిస్తుంది. ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. నైబర్ల లిస్ట్ ముందు తీసిపెట్టుకున్నదానితో పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటీ చూడండి, లెక్కించే టర్మ్‌లో ఏమైనా పెరుగుతోందా చూడండి. అప్పుడు రెండో కమిట్.